అరవై నాలుగో రాయి

పోయిన నెల మా చెల్లెలు ఎస్తేరు చింతామణి నుంచి నన్ను చూడటానికి వచ్చింది. చిక్కబళ్ళాపురంలో బస్సు దిగేటప్పుడు ఒక చేతిలో అరటిపళ్లు, ఇంకో చేతిలో ఒక పాత గోనెసంచి. సంచి నా చేతికిచ్చి భుజం నొక్కుకుంటూ, "అటక దులపతాంటే దొరికిందన్నా. ఇంత బరువుండాదే, అవ్వ బంగారం ఏమన్నా దాచిపెట్టిందేమో అనుకొన్నా. తడిమి చూస్తే రాళ్లు! పారేస్తానంటే మా ఇంటాయన, మీయన్నకియ్యి, లెక్క పెట్టుకుంటా కూర్చుంటాడు అన్నాడు" అంది. ఆయన సరిగ్గానే చెప్పాడు. సంచి మూతికి వేసిన ముడి చూడగానే అది ఎవరిదో నాకు తెలిసిపోయింది. కుడి వైపు నుంచి రెండు చుట్లు, ఎడమ వైపు నుంచి ఒకటి, మధ్యలో దూర్చి లాగిన కొస. బండరాళ్లకు తాడు కట్టి లాగే మనుషులు వేసే ముడి అది. మా తాత యోహానప్ప పంచెకు కూడా అదే ముడి వేసేవాడు.

ఆ ముడి వెంటనే విప్పలేదు. ముప్పై ఆరేళ్లుగా తేలని లెక్క ఒకటి ఆ సంచిలో ఉంది. నేను శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టులో తూకాలు రాసేవాణ్ణి. ఎన్ని బుట్టలు వచ్చినా, ఎంతమంది చుట్టూ నిలబడి అరిచినా, సాయంత్రానికి నా లెక్కలో తేడా రాదు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నాకు ఈ నోటిలెక్కలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, నేనే పట్టుకున్నాను. అలాంటివాడికి పద్నాలుగో ఏట వచ్చిన ఒకే ఒక్క అంకె తేడా పంటి సందున ఇరుక్కున్న పీచులాగా ఇన్నాళ్లూ ఉండిపోయింది.

తాత రాళ్లు కొట్టేవాడు. చింతామణి చుట్టూ ఉన్న కొండల్లో ఆయన ఉలి తగలని బండ తక్కువ. మా ఇంట్లో మొదట తగిలే వాసన రాతి పొడిదే. దాని మీద ఆముదం వాసన, దాని మీద అవ్వ కాచే రాగి అంబలి వాసన. తాత వయసులో ఉన్నప్పుడు గరిడీ ఇంటికి పోయి సాము చేసినవాడు. గరిడీలో దిగే ముందు ఆంజనేయస్వామికి మొక్కడం ఆనవాయితీ. చర్చిలో చేరాక ఆయన గరిడీకి పోవడం మానేశాడు గాని, నేలకు చేతులు ఆనించి దిగి లేచే దండీలు కొట్టడం మానలేకపోయాడు. ఇంటి వెనక, పశువుల కొట్టానికీ గోడకూ మధ్య ఎనిమిదడుగుల జాగాలో ఒక్కడే కొట్టుకునేవాడు. నెలకొకసారి చిక్కబళ్ళాపురం నుంచి ఆరాధన చెయ్యడానికి వచ్చే అయ్యగారు ఒక పొద్దున అది చూశాడట.

"ఇది ఎవరి కోసం యోహానప్పా?" అని అడిగాడట.

"ఒంటి కోసరమయ్యా."

"ఒళ్లు నీదేనా?"

ఆ తర్వాత మూడు రోజులు తాత దండీలు కొట్టలేదని అవ్వ చెప్పేది. "నాలుగో దినం పొద్దున గంప తీసుకొని వంకకు పోయినాడు. రాళ్లు ఏరుకొని వచ్చినాడు. ఇంట్లో ఉండే రాళ్లు చాలవా అని నేను మొత్తుకొన్నా." ఆ వాగు రాళ్లే ఇవి. తాతకు చదువు రాదు. అందుకని చర్చికి వచ్చే మనుషుల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క రాయి ఏరాడు. ఒక రాయికి ఒక దండీ. కిందికి దిగేటప్పుడు ఆ మనిషి పేరు మనసులో అనుకోవాలి, పైకి లేచేటప్పుడు ఆ మనిషిని దేవుడికి అప్పజెప్పాలి. బిడ్డ పుడితే కొత్త రాయి వచ్చేది. ఎవరైనా పోతే వాళ్ల రాయి తీసుకుపోయి సమాధి తలాపున పెట్టేవాడు. తనకు మాత్రం రాయి లేదు. తన కోసం తాను దండీ కొట్టుకుంటే అది మళ్లీ గరిడీయే అవుతుందని ఆయన ఉద్దేశం.

రాళ్లకూ మనుషులకూ పొంతన కుదర్చడంలో తాతను మించినవాడు లేడు. అయ్యగారిది తెల్లటి పలుగురాయి. ఎప్పుడూ ఆకలనే యాకోబుది మధ్యలో చొట్ట పడిన రాయి. మా అవ్వది అరచేతిలో సరిగ్గా ఇమిడే నల్లరాయి. నాది సన్నగా, పొడుగ్గా, ఎటు పెట్టినా దొర్లిపోయేది. మా వీధి చివర ఉండే మార్తమ్మది ఎర్రది, అంచులన్నీ గరుకు, నడుమ చుట్టూ తెల్లటి చార. ఆ చార పుట్టుకతో వచ్చింది. కుండ పగలకుండా దారం కట్టినట్టు ఉండేది.

నాకు పన్నెండేళ్లు నిండగానే తాత నన్నూ దించాడు. ఆదివారం తప్ప ప్రతి పొద్దునా, అవ్వ పొయ్యి ఊదే చప్పుడు మొదలవగానే, ఒళ్లంతా ఆముదం పూసి ఎదురెదురుగా నిలబెట్టేవాడు. మధ్యలో ఒక రేకు తట్ట. సంచిలోంచి రాయి తీసి తట్టలో వేస్తాడు. టక్. ఇద్దరం దిగుతాం, లేస్తాం. మళ్లీ టక్. మొత్తం అరవై మూడు. అవి అయ్యాక పన్నెండు బస్కీలు. గుంజీలు తీసినట్టు కూర్చొని లేచే ఆ బస్కీలు మనకు పడని వాళ్ల కోసం. వాళ్లకు రాళ్లు లేవు, వేళ్ల మీద లెక్క. అన్నీ అయ్యాక గిన్నెడు అంబలి, గుప్పెడు ఉలవ గుగ్గిళ్లు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. తాత పేర్లు తలచుకున్నాడు. నేను అంకెలు తలచుకున్నాను. ఇరవై ఒకటి అయితే మూడో వంతు, ముప్పై ఒకటిన్నర అయితే సగం, నలభై రెండు అయితే రెండు వంతులు. ఎవరి రాయి తట్టలో పడుతోందో చూసే ఓపిక నాకు లేదు. చీకటి విడీ విడని ఆ వేళలో చూద్దామన్నా సరిగ్గా కనిపించేది కాదు. నాకు టక్ వినపడితే చాలు. ఒక్కొక్క టక్కుకూ మిగిలినవి ఎన్నో తీసివేసుకునేవాణ్ణి. నేను లెక్క నేర్చుకున్న బడి అదే.

మార్తమ్మ యాభై దాటిన విధవరాలు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. చర్చిలో ఆడవాళ్ల వైపు చివర కూర్చొని మగవాళ్ల వైపు ఎవడు ఆవులించినా చూసేది. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో నేను గోడకు ఆనుకొని నిద్రపోయాను. ఆరాధన ముగియగానే అందరి ముందూ తాతను పట్టుకుంది.

"ఏమప్పా యోహానప్పా, నీ మనవడు నిద్రపోతే పోనీలే, గురకేంటికి? అయ్యగారు ఒగ మాట చెప్తే వీడు ఒగ మాట చెప్తాండాడు."

జనం నవ్వారు. అయ్యగారు కూడా నవ్వాడు. తాత నవ్వలేదు. మరునాడు నాకు పది దండీలు ఎక్కువ పడ్డాయి.

"తాతా, మార్తమ్మను బస్కీల్లోకి మారిస్తే కాదా?" అన్నాను ఆయాసపడుతూ.

"ఏంటికి?"

"మనకు పడనోళ్లకి కదా బస్కీలు."

"నీకు పడదు. నాకు పడతాది. రాయి నాది" అన్నాడు తాత.

ఆ మధ్యాహ్నం ఆయన పని నుంచి వచ్చి తిని పడుకున్నప్పుడు నేను సంచి విప్పి మార్తమ్మను బయటికి తీశాను. నా లెక్క చాలా తేలిక. అరవై మూడులో ఒకటి తీస్తే అరవై రెండు. ముసలాయనకు లెక్క రాదు. ఒకటి పోతే తెలియదు. ఇది కుదిరితే వారానికొకరిని తీసేస్తూ పోయి క్రిస్మసుకు ముప్పైకి దించాలని కూడా అనుకున్నాను. తర్వాత పోవలసింది యాకోబు.

రెండు రోజులు ఆ రాయి చొక్కా జేబులోనే తిరిగింది. మూడో రోజు మార్తమ్మ ఇంటి ముందు నుంచి పోతుంటే ఆవిడ కోడిపుంజు నా పిక్క పొడిచింది. చేతికి అందింది తీసి విసిరాను. పుంజు తప్పించుకుంది. రాయి గోడ మీదుగా ఆవిడ వాకిట్లో పడింది. పడ్డాక గాని చేతికి అందింది ఏదో నాకు తట్టలేదు. తిరిగి చూడకుండా పరుగెత్తాను.

సాయంత్రం మార్తమ్మ మా ఇంటికి వచ్చింది. నేను కొట్టంలో ఎద్దు వెనక దాక్కున్నాను. "చూడప్పా, నా కోడి మింద రాయేసినాడు నీ మనవడు!" అన్న మాట వినపడింది. కొంగులోంచి ఏదో తీసి రుబ్బురోలు మీద ఠక్కున పెట్టింది. ఆ తర్వాత ఇద్దరూ గొంతులు తగ్గించారు. కాసేపటికి తాత నవ్వు వినపడింది, దాని మీద మార్తమ్మ నవ్వు. దెబ్బలు తప్పినందుకు ఎద్దు మెడ నిమిరి బయటికి వచ్చాను. వాళ్లు ఎందుకు నవ్వారో ఆలోచించలేదు.

దండీల సంగతి మాత్రం నా లెక్క ప్రకారం జరగలేదు. మొదటి పొద్దునే అరవై రెండో టక్కు అయ్యాక నేను చేతులు దులుపుకుంటుంటే తాత, "ఉండప్పా, ఇంగొగటి" అన్నాడు.

"ఎవురికి తాతా?"

"రాయి లేనోళ్లకి."

సరే, ముసలాయనకు ఏదో జాలి పుట్టిందనుకున్నాను. రెండో రోజూ ఇంగొగటి, మూడో రోజూ ఇంగొగటి. అంత సాహసం చేసి నేను మిగుల్చుకుంది సున్నా.

పన్నెండు పొద్దుల తర్వాత, ఒక సోమవారం, మార్తమ్మ దిగుడుబావి మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. నలుగురు మంచం మీద మోసుకొచ్చారు. బాగేపల్లి పక్క నుంచి ఎముకలు కట్టే ఆయన్ను పిలిపించారు. ఆయన వెదురు బద్దలు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డపేలికలు పెట్టి కట్టు కట్టి, బయటికి వచ్చి తాతతో, "వయసైన ఎముకప్పా. అతుకుతాదో లేదో నలభై దినాలు పోతే గాని చెప్పలేను. జ్వరమొస్తే మాత్రం కష్టం" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

ఇప్పుడు నవ్వొస్తుంది గాని, అప్పుడు నాకది నిక్కచ్చిగా తేలిన లెక్క. అరవై మూడు మందికి రాళ్లు ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్క రాయి తీశాను. ఆ ఒక్క మనిషే పడింది. రాయి లేనివాళ్ల కోసం తాత కొట్టే దండీ ఊరూపేరూ లేనిది, అది మార్తమ్మకు ఎలా చేరుతుంది? ఆవిడ చచ్చిపోతే ఆ రాయి సమాధి దగ్గర పెట్టడానికి తాత సంచిలో వెతుకుతాడు. దొరకదు. అప్పుడు ఊరంతటికీ తెలుస్తుంది. అన్నం సయించలేదు. అవ్వ దిష్టి తగిలిందేమోనని మూడుసార్లు నా మొహం చూసి, దిష్టి మనం నమ్మకూడదని గుర్తొచ్చి, మిరియాల కషాయం ఇచ్చింది.

మార్తమ్మ వాకిట్లో రాయి కోసం వెతికాను. చీపురు పుల్లలు, కోడి ఈకలు తప్ప ఏమీ లేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. తాత పనిచేసే బండ దగ్గర రాళ్ల కుప్ప మీద పడి, ఎర్రది, గరుకుది, అంత సైజుదే ఒకటి పట్టుకున్నాను. అన్నీ కుదిరాయి, తెల్లచార తప్ప. దానికి అవ్వ తాంబూలపు పళ్లెంలోంచి సున్నం తీసుకొని, చీపురు పుల్లతో నడుమ చుట్టూ గీత గీశాను. ఎండలో ఆరబెట్టి, మధ్యాహ్నం తాత పడుకున్నప్పుడు సంచిలో వేసి అదే ముడి వేశాను. రెండు చుట్లు ఇటు, ఒకటి అటు. అప్పటికి ఆదివారాలు తీసేస్తే ఇరవై పొద్దులు ఆమె రాయి లేకుండా గడిచాయి. ఆ ఇరవై దండీలూ బడి వెనక ఒక్కణ్ణే కొట్టి తీర్చాను.

మరునాడు పొద్దున దండీలు అయ్యాక తాత బొటనవేలు వంక చూసుకున్నాడు. వేలి మీద తెల్లగా ఉంది. పంచెకు తుడుచుకున్నాడు. నాకు తగిలిన దెబ్బ ఇంకోటి. "ఇంగొగటి" అనే మాట ఆ రోజు రాలేదు. అయినా దండీలు అరవై నాలుగు. తట్టలో అరవై నాలుగు టక్కులు. అరవై రెండుకు నేను కలిపింది ఒకటి, మొత్తం అరవై మూడు కావాలి. మరునాడు చెవులు రిక్కించి లెక్కపెట్టాను. అరవై నాలుగే.

"తాతా, ఒగటి ఎక్కువుండాదే?"

"ఎక్కువైతే నీకేం నొప్పి? కొట్టు."

"ఎవురికన్నా బిడ్డ పుట్టిందా?"

"నీకేల? కొట్టప్పా."

ఎవరికీ బిడ్డ పుట్టలేదు. సంచి విప్పి చూద్దామంటే ఇక ధైర్యం చాలలేదు. సంచి ముట్టుకుంటే ఎవరో ఒకరు పడతారని భయం. ఆ తర్వాత పుట్టినవాళ్లు వచ్చారు, పోయినవాళ్లు పోయారు. చర్చి మనుషులను వేళ్ల మీద ఎన్నిసార్లు లెక్కేసినా దండీలు ఒకటి ఎక్కువే వచ్చేవి.

ఆ నలభై రోజులూ తాత నన్ను మార్తమ్మకు నీళ్లు మోయడానికి పెట్టాడు. పొద్దున రెండు కడవలు, సాయంత్రం రెండు. ఆవిడ మంచం మీద నుంచే మాటలు విసిరేది.

"రెండు కడవలకే ఇంత మూలుగుడా? ఆ దండీలన్నీ యాడ పోయినాయప్పా?"

నేను కడవలు దించి, కట్టు వంక, ఆవిడ నుదుటి వంక చూసి, జ్వరం లేదని ఖాయం చేసుకొని పోయేవాణ్ణి. ఒక రోజు దగ్గరికి పిలిచింది.

"మీ తాత సంచిలో నా రాయి గూడా ఉండాదంటనే?"

"ఉండాది."

"ఎట్లుంటాది?"

"ఎర్రగా... నున్నగా."

"నున్నగానా! నేనా!" మంచం ఊగేటట్టు నవ్వింది. కాలు నొప్పి పెట్టి "అయ్యో దేవుడా" అంటూ మళ్లీ నవ్వింది. "పోనీలే, ఉండాదన్నావు కదా. భద్రంగా చూసుకోప్పా నన్ను."

నలభై రెండో రోజు కట్టు విప్పారు. ఎముక అతికింది. కుడికాలు కొంచెం కుంటుపడింది గాని, మరుసటి నెలలో చర్చికి తనే నడిచి వచ్చింది. వచ్చి, కూర్చున్న వెంటనే, మగవాళ్ల వైపు చూసింది. నేను ప్రసంగం అయిపోయేదాకా కళ్లు తెరిచే ఉన్నాను. ఇరవై ఒకటో ఏట పని కోసం చిక్కబళ్ళాపురం వచ్చేదాకా దండీలు మానలేదు. మరో రెండేళ్లకు తాత పోయాడు. ఆయన సమాధి దగ్గర పెట్టడానికి రాయి లేదు. మార్తమ్మ కుంటుకుంటూ వచ్చి, చుట్టూ వెతికి, దారిలో పడున్న మామూలు రాయి ఒకటి తీసి పెట్టింది.

ఎస్తేరు ఊరికి తిరిగి వెళ్లాక, ఒక పొద్దున, చాప మీద కూర్చొని ముడి విప్పాను. రాళ్లన్నీ వరసకు పది చొప్పున పేర్చాను. అయ్యగారి పలుగురాయి, యాకోబు చొట్ట, అవ్వ నల్లరాయి. అవ్వ తాత కంటే తర్వాత పోయింది గనక ఆ రాయి సంచిలోనే మిగిలింది. ఎటు పెట్టినా దొర్లిపోయే నాది. ఆరో వరసలో ఒక ఎర్రరాయి, గరుకు అంచులు, నడుమ అక్కడక్కడా వెలిసిన సున్నపు గీత. నా పనితనం చూసి నాకే సిగ్గేసింది. దాని పక్కన పెట్టడానికి చెయ్యి పెడితే ఇంకొకటి వచ్చింది. ఎర్రది, గరుకుది, చుట్టూ తెల్లటి చార. గోటితో గీకాను. పోలేదు. పుట్టుకతో వచ్చిన చార.

రుబ్బురోలు మీద ఆ సాయంత్రం ఠక్కుమన్నది ఇదే. తన రాయిని తనే తెచ్చి తాత చేతిలో పెట్టింది మార్తమ్మ. అది ఆవిడ రాయేనని తాత చెబితేనే ఆ నవ్వు. "రాయి లేనోళ్లకి" కొట్టిన ఇరవై దండీలూ ఆవిడకే. అంటే ఆవిడ పేరు ఒక్క పొద్దు కూడా తప్పలేదు. నేను సున్నం పూసింది వచ్చిన రోజే తాత అసలుది కూడా సంచిలో వేశాడు. ఏడాదికి ఆదివారాలు పోను మూడు వందల పన్నెండు పొద్దులు. ఏడేళ్లకు రెండు వేల నూట ఎనభై నాలుగు. జ్వరాలూ పండుగలూ తీసేసినా రెండు వేలకు తగ్గదు. ఒక్క దండీ మిగుల్చుకోబోయి, మార్తమ్మ కోసం రోజూ రెండేసి చొప్పున, నాకు తెలియకుండానే కొట్టాను. లెక్క రాదని నేను అనుకున్న మనిషి చేసిన లెక్క అది.

ఇప్పుడు మా వీధి మలుపులో ఒక జిమ్ము తెరిచారు. నాలుగు గోడలకూ నిలువెత్తు అద్దాలు. పిల్లలు అద్దంలో తమ భుజాలు చూసుకుంటూ ఇనుము ఎత్తుతారు. వాళ్లను తప్పుపట్టను. నా కాలంలో నేను అంకెలు చూసుకున్నాను, వాళ్లు భుజాలు చూసుకుంటున్నారు. మా ఎనిమిదడుగుల జాగాలో అద్దం లేదు. తల ఎత్తితే తాత మొహం కనిపించేది, కళ్లు మూసుకొని, పెదవులు కదుపుతూ.

చాప పక్కకు లాగి, తలుపు దగ్గరగా వేసి, రెండు ఎర్రరాళ్లూ ముందు పెట్టుకొని చేతులు నేలకు ఆనించాను. మోకాళ్లు చప్పుడు చేశాయి, నడుము ఒప్పుకోలేదు. ఎలాగో దిగి లేచాను. ఒకటి. మళ్లీ దిగాను. రెండు. కూలబడి ఆయాసం తీర్చుకుంటుంటే తెలిసింది, రెండుసార్లూ నా నోటికి వచ్చింది అంకే. ఆవిడ ఉంటే ఆ మాట చర్చిలో అందరి ముందూ చెప్పి ఉండేది. మళ్లీ చేతులు ఆనించాను. ఈసారి కిందికి దిగుతూ మార్తమ్మా అన్నాను. అది ఎన్నోదో లెక్కపెట్టలేదు.